విచారణాధికారి గారూ, ఆ ఊరు వెళ్లి వినండి

శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల ఆర్డీవోలకు, సబ్ కలెక్టర్లకు నమస్కారాలు.

పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోయినప్పుడు మీలో ఒకరిని మెజిస్టీరియల్ విచారణాధికారిగా వేస్తారు. ఆ ఉత్తర్వు పేజీ దాటదు. ఫలానా తేదీన ఫలానా రిజర్వు ఫారెస్టులో పోలీసులకూ మావోయిస్టులకూ మధ్య ఎదురుకాల్పులు జరిగి ఇంతమంది చనిపోయారు, విచారించి నివేదిక పంపండి అని ఉంటుంది. నేను రెవెన్యూ శాఖలో గుమస్తాగా చేరి, ఎక్కువ కాలం మెజిస్టీరియల్ వ్యవహారాలు చూసే సి సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. అలాంటి ఉత్తర్వులు చాలా చూశాను. ఏం జరిగిందో తేల్చమని మిమ్మల్ని వేస్తూ, జరిగింది ఎదురుకాల్పులేనని మొదటి వాక్యంలోనే రాసేస్తారు. తేలాల్సిన విషయమే అది కదా!

ఇలాంటి ఘటన మీద ముందు రాసేది పోలీసులే. ఎఫ్ఐఆర్ వాళ్లది, పత్రికా ప్రకటన వాళ్లది. మందుపాతరలు ఎక్కడ దొరికాయి, ఎన్ని తుపాకులు దొరికాయి అన్న లెక్కా వాళ్లదే. ఆ శాఖకు బయట ఉన్న అధికారి కలం పట్టేది మీ దగ్గరకు వచ్చాకే. చనిపోయినవాడి తల్లి చెప్పే మాట ప్రభుత్వ రికార్డులోకి ఎక్కడానికి మొదటి దారి మీ ఫైలు. అందులో కూడా పోలీసుల మాటే తిరగరాస్తే ఆమె మాట ఇక ఎక్కడా మిగలదు. కోవర్టు ఆపరేషన్ (గుట్టుగా చేసే పోలీసు చర్య) చేసి, ముందే పట్టుకుని తీసుకెళ్లి కాల్చేశారని ఆరోపణ వచ్చిన కేసుల్లో అయితే మీరు ఏం రాశారన్నదే కీలకం అవుతుంది.

ఇది శ్రీకాకుళం నుంచి రాస్తున్నందుకు కారణం మీకు తెలియనిది కాదు. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్ సభకు వెళుతున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల వర్గం కాల్పులు జరిపితే కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ కేసులో నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. 1969లో ఏజెన్సీని కల్లోలిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడి నక్సలైటు పోరాట నాయకుల్లో ఆ ఏడాది మేలో పంచాది కృష్ణమూర్తి, డిసెంబర్‌లో సుబ్బారావు పాణిగ్రాహి, పంచాది నిర్మల, మరుసటి ఏడాది జూలైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయారు. అన్నీ ఎదురుకాల్పులే అంది ప్రభుత్వం. పట్టుకుని కాల్చారని అవతలివాళ్లు అప్పటినుంచీ అంటూనే ఉన్నారు. యాభై ఏళ్లు దాటిపోయింది. రెండు మాటల్లో ఏది నిజమో సాక్ష్యాలతో తేల్చిన విచారణ నివేదిక జనం చేతికి రాలేదు. తుపాకీతో మార్పు తెస్తామన్న దారి నాకు ఎన్నడూ నచ్చలేదు. అయినా చేతికి చిక్కిన మనిషిని ఇరవై నాలుగు గంటల్లో మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. అక్కడ నాకు నచ్చినవాడు, నచ్చనివాడు అన్న తేడా లేదు.

ఎమర్జెన్సీ తర్వాత 1977లో మాజీ న్యాయమూర్తి తార్కుండే నాయకత్వంలోని పౌరహక్కుల కమిటీ మన రాష్ట్రంలో జరిగిన ఎన్‌కౌంటర్లను పరిశీలించి, పట్టుకున్నవాళ్లను కాల్చి చంపారని చెప్పింది. దాంతో సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి వశిష్ఠ భార్గవ నాయకత్వంలో రాష్ట్ర ప్రభుత్వం కమిషన్ వేసింది. విచారణ అందరి ముందూ మొదలైంది. సాక్షులు వచ్చి చెబుతున్నారు, పేపర్లు రాస్తున్నాయి. అప్పుడు ప్రభుత్వం ఇక మీదట తలుపులు మూసి విచారించాలని పట్టుబట్టింది. ఆఖరికి ఆ కమిషన్ పని పూర్తికాకుండానే ఆగిపోయింది. సుప్రీంకోర్టులో కూర్చున్న మనిషికే అలా అయితే, కలెక్టర్ గారి కింద పనిచేసే ఆర్డీవో ఎంత అనుకుంటారేమో. నేను అలా అనుకోను. ఎందుకో చెబుతాను. ముందు మీ విచారణలు ఎలా నడుస్తున్నాయో చెప్పనివ్వండి.

జిల్లా పేజీలో ఒక మూల చిన్న ప్రకటన పడుతుంది. ఈ ఘటన గురించి తెలిసినవారు ఫలానా తేదీ ఉదయం 11 గంటలకు మా కార్యాలయానికి వచ్చి నోటితో గానీ రాతపూర్వకంగా గానీ సాక్ష్యం ఇవ్వవచ్చు అని. ఆ కాల్పుల చప్పుడు విన్నది ఎవరు? పోడులో ఉన్నవాళ్లు, కొండచీపుర్లు కోసుకునేవాళ్లు, పశువులు కాసుకునే పిల్లలు. వాళ్ల ఊరికి పేపరు రాదు. వచ్చినా చదివి చెప్పేవాడు ఉండాలి. ఎలాగో తెలిసిందే అనుకుందాం. కొండ దిగి, ఆటో ఎక్కి, సీతంపేటలోనో కొత్తూరులోనో బస్సు పట్టుకుని పాలకొండ చేరాలి. ఆ రోజు కూలి పోతుంది. వాంగ్మూలం ఇచ్చి సాయంత్రం మళ్లీ ఆ ఊరికే పోవాలి, ఆ రాత్రి ఎవరు తలుపు కొడతారో అన్న టెన్షన్‌తో పడుకోవాలి. ఎవరొస్తారండీ? ఎవరూ రారు. నెల తర్వాత మీ నివేదికలో ఒక వాక్యం పడుతుంది: 'తగిన ప్రచారం చేసినప్పటికీ సాక్షులెవరూ హాజరు కాలేదు, కనుక పోలీసుల కథనాన్ని నమ్మకపోవడానికి కారణం కనిపించడం లేదు.' ఇలాంటి వాక్యాలు చదివి చదివి విసిగిపోయాను. రాలేకపోయినవాళ్ల మౌనాన్ని పోలీసులకు అనుకూలమైన సాక్ష్యంగా లెక్కేయడం ఏ న్యాయం?

ఒక్కోసారి ఎవరో ఒకరు వస్తారు. చాలా ఏళ్ల కిందట వేరే జిల్లాలో ఒక డివిజన్ ఆఫీసుకు ఒక సవర తల్లి వచ్చింది. పొద్దున్నే వచ్చి వరండాలో కింద కూర్చుంది, బల్ల ఖాళీగా ఉన్నా. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో రేషన్ కార్డు. కొడుకు ఫొటో ఉన్న కాగితం ఆమె దగ్గర అదొక్కటే. అదే వరండాలో స్తంభం దగ్గర మఫ్టీలో ఉన్న కానిస్టేబుల్ ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. అతను ఎవరో ఆఫీసులో అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు. మధ్యాహ్నం దాటాక లోపలికి పిలిచారు. ఆమె సవరలో మొదలుపెట్టి, మధ్యలో వచ్చిన నాలుగు తెలుగు మాటలు కలుపుతూ చాలాసేపు చెప్పింది. చేత్తో కొండవైపు చూపించింది, సంతవైపు చూపించింది, వేళ్లు మడిచి రోజులు లెక్కపెట్టింది. టైపు అయిన వాంగ్మూలం నాలుగు లైన్లు. 'నా కుమారుడు కొంతకాలంగా ఇంటి వద్ద ఉండడం లేదు. అతడు ఎలా చనిపోయాడో నేను చూడలేదు.' చదివి వినిపించలేదు. వేలిముద్ర వేయించుకున్నారు. ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టిన ఆ రోజులు ఏమిటో ఎవరూ అడగలేదు. సంతలో కొడుకును ఎవరో జీపెక్కించుకుపోయిన రోజు నుంచి శవం దొరికిన రోజు దాకా లెక్క కావచ్చు, కాకపోవచ్చు. అడిగి ఉంటే తెలిసేది.

గిడుగు రామమూర్తి గారు మన జిల్లా మనిషి. సవరల మధ్య తిరిగి వాళ్ల భాష నేర్చుకుని, నిఘంటువు రాశారు, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించాలని పాటుపడ్డారు. వందేళ్లు దాటిన సంగతి ఇది. ఈనాడు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) బళ్లలో సవర, జాతాపు టీచర్లు ఉన్నారు, ఆ భాష వచ్చిన నర్సులు ఉన్నారు. వాళ్లలో ఒకర్ని పక్కన కూర్చోబెట్టుకుని, సాక్షి చెప్పింది చెప్పినట్టు ఆమె భాషలోనే రికార్డు చేయించి, తర్వాత తెలుగులో రాయిస్తే మీకు పోయేదేముంది? పోలీస్ స్టేషన్ నుంచి మాత్రం మనిషిని అడగకండి.

ఇక మీ చేతిలో ఏమున్నదంటారా. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్ష సంహితలో 196వ సెక్షన్ చూడండి, పాత సీఆర్పీసీలో 176. మీరు సాక్ష్యం నమోదు చేయవచ్చు. పూడ్చిపెట్టిన శవాన్ని తవ్వి తీయించి పరీక్ష చేయించవచ్చు. చనిపోయినవాళ్ల బంధువులకు వీలైనంతవరకు కబురు చేసి, విచారణలో వాళ్లను ఉండనివ్వాలని కూడా అందులోనే ఉంది. 2014 సెప్టెంబర్ 23న పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు, పోలీసు కాల్పుల్లో జరిగిన ప్రతి మరణం మీదా మెజిస్టీరియల్ విచారణ తప్పనిసరి అంది. నివేదిక జ్యుడీషియల్ మెజిస్ట్రేటుకు వెళ్లాలంది. పోస్టుమార్టం ఇద్దరు డాక్టర్లు చేయాలి, వీడియో తీయాలి. దర్యాప్తు సీఐడీ గానీ వేరే స్టేషన్ బృందం గానీ చేయాలి. ఘటన జరిగిన వెంటనే ప్రమోషన్లు, శౌర్య పతకాలు ఇవ్వకూడదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2010లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మీ విచారణకు మూడు నెలల గడువు పెట్టింది. బంధువులను, ప్రత్యక్ష సాక్షులను, స్టేషన్ రికార్డులను పరిశీలించాల్సిందే అంది. మానవ హక్కుల కమిషన్ ఇలాంటి మార్గదర్శకాలు ఇవ్వడం మొదలుపెట్టడానికి మన రాష్ట్రం నుంచి పౌరహక్కుల సంఘం చేసిన ఫిర్యాదులు ఒక ముఖ్య కారణమని గుర్తుపెట్టుకోండి.

అన్నిటికంటే ముందు తేల్చాల్సింది ఒకటుంది. ఈ మనిషిని బతికుండగా చివరిసారి ఎవరు, ఎక్కడ, ఎప్పుడు చూశారు? కాల్పులకు ముందే అతను పోలీసుల చేతిలో ఉన్నాడని సాక్ష్యం వస్తే, అది కస్టడీ మరణం కిందికి వస్తుంది. కస్టడీ మరణాల విచారణ 2006 నుంచి జ్యుడీషియల్ మెజిస్ట్రేటు పని. కాబట్టి ఈ విషయం వదిలేసి కాల్పులు ఎన్ని గంటలకు మొదలయ్యాయి, ఎన్ని రౌండ్లు పేలాయి అని మొదలుపెడితే, విచారణ మొత్తం పక్కదారి పడుతుంది. మీరు చూసే నివేదికల్లో ఎక్కువ భాగం అలాగే మొదలై ఉంటాయి, గమనించండి.

రికార్డులు మొదటిరోజే అడగండి. స్టేషన్ జనరల్ డైరీ, వాహనాల లాగ్ బుక్కులు, ఆయుధాలు ఇచ్చి పుచ్చుకున్న రిజిస్టర్. పోలీసు బృందం బయల్దేరిన టైము డైరీలో ఒకటి, లాగ్ బుక్‌లో ఒకటి ఉండొచ్చు. కిలోమీటర్ల లెక్క చూస్తే జీపు అడవి దాకానే వెళ్లిందా, అంతకుముందు ఇంకెక్కడైనా తిరిగిందా తెలుస్తుంది. లెక్కలు సరిచూడడం రెవెన్యూవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. అడంగల్లో ఒక సెంటు తేడా వస్తే మండలం అంతా తిరిగేవాళ్లం మనం. బస్టాండ్లోనో రైల్వే స్టేషన్లోనో పట్టుకున్నారని ఆరోపణ ఉంటే అక్కడి కెమెరాలు చూడాలి. హైవే మీద తీసుకెళ్లారంటే మడపాం, నాతవలస టోల్ గేట్లలో బండి కనబడాలి. ఆ రికార్డింగులు ఎల్లకాలం ఉంచరు. మీ ప్రకటన పేపర్లో పడేలోపే చెరిగిపోవచ్చు. అందుకే ఉత్తర్వు చేతికందిన రోజే, భద్రపరచమని ఉత్తరం రాసి రసీదు తీసుకోండి. ఫోన్ కాల్ రికార్డులకూ అంతే.

పోస్టుమార్టం రిపోర్టు చదివేటప్పుడు పక్కన డాక్టర్‌ను కూర్చోబెట్టుకోండి. గాయం చుట్టూ చర్మం నల్లబడిందా, మందుపొడి చుక్కలు ఉన్నాయా అని అడగండి. ఉంటే దగ్గర్నుంచి కాల్చారని అర్థం, మరి రిపోర్టులో దూరం ఎంత రాశారు? ఒంటి మీద గాయం ఉన్నచోట చొక్కాకు రంధ్రం ఉందా? లేకపోతే ఆ యూనిఫాం ఎప్పుడు తొడిగారు? మణికట్ల మీద కట్టిన గుర్తులున్నాయా? కడుపులో ఏం దొరికింది? రెండు రోజులుగా అడవిలో తిండిలేక తిరుగుతున్నాడన్న మనిషి కడుపులో అరగని అన్నం ఉంటే ఎవరు పెట్టారు? ఇవి ఏ రహస్యాలూ కావు, రిపోర్టులో ఉన్న సంగతులే.

రహస్యం మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. కోవర్టు ఆపరేషన్ అన్న ఆరోపణ రాగానే, ఇంటెలిజెన్స్ సమాచారం బయటపెట్టలేమని ఒక ఉత్తరం వస్తుంది. ఆ ఉత్తరాన్ని ఫైల్లో పెట్టి మీరు పక్కకు తప్పుకుంటారు. సుప్రీంకోర్టు దీన్ని 2014లోనే ఆలోచించింది. ముందస్తు సమాచారం వచ్చి ఉంటే దాన్ని ఏదో ఒక రూపంలో రాసిపెట్టాలని చెప్పింది, అందులో అనుమానితుడి వివరాలు, చోటు బయటపెట్టక్కర్లేదని కూడా అంది. అంటే సమాచారం ఎవరిచ్చారో మీరు అడగడం లేదు. సమాచారం వచ్చిన రోజున రాసిన కాగితం ఉందా లేదా అనే అడుగుతున్నారు. లేకపోతే లేదని మీ నివేదికలో రాయండి. ఇవ్వం అంటే ఎవరు, ఏ తేదీన, ఏ కారణం చెప్పి ఇవ్వలేదో రాయండి. సమాచార హక్కు చట్టంలో ఇంటెలిజెన్స్ సంస్థలకు మినహాయింపు ఇచ్చిన 24వ సెక్షనే, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు ఆ మినహాయింపు వర్తించదని చెబుతోంది.

మీ ఇబ్బందులు నాకు తెలియవని కాదు. మీలో కొందరికి ఇది మొదటి పోస్టింగ్, వయసు ముప్పై కూడా ఉండదు. ఎస్పీ గారితో వారం వారం మీటింగులు, పండగలకు, ఎన్నికలకు బందోబస్తు కావాలంటే వాళ్లే దిక్కు. విచారణ సగంలో ఉండగా బదిలీ వస్తుంది, తర్వాత వచ్చినవారు మళ్లీ ప్రకటనతో మొదలుపెడతారు. ఇవన్నీ నిజమే. అయినా దిశ కేసు చూడండి. 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులను కాల్చినప్పుడు జనం పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ సాక్షులను, పోలీసులను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగి, చంపాలనే ఉద్దేశంతో కాల్చారని, పది మంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరపాలని 2022లో చెప్పింది. కమిషన్ దగ్గర మంత్రదండం లేదు. కాగితాలు, సాక్షుల మాటలు, గాయాలు పక్కపక్కన పెట్టి చూసింది. మణిపూర్‌లో సంతోష్ హెగ్డే కమిషన్ ఆరు కేసులు చూసి ఆరూ నిజమైన ఎన్‌కౌంటర్లు కావంది. మొదట్లోనే సరిగా చూడకపోతే ఏమవుతుందో మన పక్కనే వాకపల్లి కేసులో చూశాం. 2007లో పదకొండు మంది కోంద్ మహిళలు గ్రేహౌండ్స్ (మావోయిస్టులను ఎదుర్కొనే ప్రత్యేక పోలీసు దళం) సిబ్బంది మీద చేసిన అత్యాచారం ఆరోపణ 2023లో తేలింది. దర్యాప్తులో లోపాల వల్ల నిందితులు విడుదలయ్యారు, బాధితులకు పరిహారం ఇవ్వమంది కోర్టు. పదహారేళ్లు ఆ ఆడవాళ్లు కోర్టుల చుట్టూ తిరిగింది దానికోసమా?

నిజంగా ఎదురుకాల్పుల్లో ప్రాణాలకు తెగించిన కానిస్టేబుల్‌కు కూడా మంచి విచారణే కావాలి. 2008లో బలిమెల రిజర్వాయర్‌లో లాంచీ మీద దాడిలో గ్రేహౌండ్స్ జవాన్లు పదుల సంఖ్యలో చనిపోయారు. వాళ్లూ మన పల్లెల పిల్లలే. అన్ని నివేదికలూ ఒకే అచ్చులో ఉంటే, నిజం చెప్పిన పోలీసు మాటను కూడా ఎవరూ నమ్మరు. ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర వేసి మావోయిస్టులు చంపిన గిరిజనుల ఇళ్లకూ వెళ్లండి. వాళ్ల కుటుంబాల మాట విన్న అధికారులు ఇంకా తక్కువ.

నా విన్నపం ఇదీ. ఉత్తర్వులో 'ఎదురుకాల్పులు' అని ఉంటే, 'పోలీసు కాల్పుల్లో మరణం' అని మార్చి ఇవ్వమని కలెక్టర్ గారిని మొదటిరోజే రాతపూర్వకంగా అడగండి. ఆ ఊరు మీరే వెళ్లండి, పోలీసు బండిలో కాకుండా, పోలీసులు లేకుండా. రచ్చబండ దగ్గరో బడి వరండాలోనో కూర్చుని వినండి, ముందురోజు దండోరా వేయించండి. దారి ఖర్చులు ఆఫీసు నుంచి ఇప్పించండి. చెప్పినవాళ్లకు తర్వాత ఏ ఇబ్బంది వచ్చినా ఎవరికి ఫోన్ చేయాలో మీ నంబరు రాసి ఇవ్వండి. బదిలీ అయితే అప్పటిదాకా నమోదైన వాంగ్మూలాల జాబితాను సంతకం చేసి అప్పగించండి, తర్వాతివారు మొదటికి వెళ్లనక్కర్లేకుండా. నివేదిక పూర్తయ్యాక ఒక కాపీ చనిపోయినవారి ఇంటికి పంపండి, జిల్లా వెబ్‌సైట్‌లో టెండర్ల ప్రకటనల పక్కన దాన్నీ పెట్టండి. తేలకపోతే తేలలేదనే రాయండి, ఏ కాగితం ఇవ్వనందువల్ల తేలలేదో కూడా రాయండి.

మీలో ఎవరైనా ఇలాంటి విచారణ చేపట్టి, పాత ఫైళ్లు ఎక్కడ వెతకాలో, ఏ రిజిస్టర్‌ను దేనితో సరిచూడాలో తెలుసుకోవాలనుకుంటే నేను శ్రీకాకుళంలోనే ఉన్నాను. కబురు చేస్తే మీ ఆఫీసుకే వస్తాను.

భవదీయుడు,
రెవెన్యూ శాఖ విశ్రాంత ఉద్యోగి, శ్రీకాకుళం